పాత ఇత్తడి బాకాలు: చరిత్ర, శాస్త్రము, పరీక్ష

పాలకొల్లు, నరసాపురము, భీమవరము ప్రాంతములందు పెండ్లి ఊరేగింపు అనగానే సన్నాయి మేళముతోపాటు బ్యాండు మేళము కూడ జ్ఞప్తికి వచ్చును. ఆ మేళమునందలి కార్నెట్టు, ట్రంపెట్టు, యుఫోనియము మొదలగునవి పుట్టుకచే ఐరోపా వాద్యములే అయినను, తెలుగు పాటలు పలికి పలికి ఈ నేలకు చెందినవే అయినవి. అయితే ఏ వాద్యమైనను కాలక్రమమున పాతబడును. కవాటములు బిగిసిపోవును, గొట్టములు సొట్టలు పడును. అట్టి వాద్యము కొంతకాలము అటుకపై పడియుండి, తుదకు పాత ఇత్తడి కొనువాని త్రాసునకు ఎక్కును. త్రాసునకు తెలిసినది బరువు ఒక్కటియే. నూరేండ్ల క్రిందట లండనులోనో, పారిసులోనో నిపుణుడొకడు చేసిన వాద్యమునకును, నిన్నటి పగిలిన చెంబునకును అది భేదము చూపజాలదు.

ఆ భేదము చూపగలది శాస్త్రజ్ఞానము. పాత బాకాను చేతబట్టి, ఇది ఎప్పటిది, ఎచటిది, నేటికిని పలుకగలదా, కొనదగినదేనా అని నిర్ణయించుటకు కొంత చరిత్రయు, కొంత భౌతికశాస్త్రమును, కొంత లోహశాస్త్రమును తెలిసియుండిన చాలును.

శంఖము మొదలు కాహళ వరకు

పెదవులను బిగించి, వాటి నడుమనుండి గాలిని ఊదినచో పెదవులు కంపించును. ఆ కంపనమును ఒక గొట్టమునందలి వాయుస్తంభము గ్రహించి పెద్ద ధ్వనిగా మార్చును. ఈ జాతి వాద్యములన్నిటికిని మూలసూత్రము ఇదియే. దేవాలయమునందలి శంఖమును, పశువుకొమ్ముతో చేసిన కొమ్ముబూరయు, ఉత్సవములందు మ్రోగు తుతారయు ఈ జాతివే. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున లోహముతో చేసిన కాహళ వర్ణింపబడినది. దాని ముఖము ఉమ్మెత్తపూవు వలె విచ్చుకొనియుండునట. నేటి ట్రంపెట్టు ముఖమును చూచినవారికి ఆ పోలిక ఎంత చక్కనిదో తెలియును.

ఇతర దేశములందును ఈ వాద్యము మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు రాజగు టుటన్‌ఖామన్ సమాధిని 1922లో కనుగొన్నప్పుడు, అందు వెండి బాకా ఒకటియు, రాగి మిశ్రలోహపు బాకా ఒకటియు లభించినవి. మూడువేల యేండ్లకు పైబడిన ఆ బాకాల ధ్వనిని 1939లో రేడియో ద్వారా లోకమునకు వినిపించిరి.

డచ్చివారి కాలపు బాకా

పాలకొల్లు చరిత్రలో ఐరోపావారి ప్రవేశము తొందరగనే జరిగినది. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 1613లోనే ఇచట వర్తకస్థానమును నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని ఈ పట్టణమున కలవు. ఆ కంపెనీ ఓడల సిబ్బందిలో బాకా ఊదువారు కూడ ఉండెడివారు. ఓడనుండి ఓడకు సంకేతము లిచ్చుటకును, రాయబారుల రాకను చాటుటకును బాకా అవసరమయ్యెడిది.

ఆ కాలపు బాకాకు కవాటములు లేవు. అది ఏడెనిమిది అడుగుల నిడివిగల గొట్టమును మడచి చేసిన సాదా వాద్యము. దానినుండి అన్ని స్వరములును వెలువడవు. గొట్టమునందలి వాయుస్తంభము తనకు సహజమైన కొన్ని పౌనఃపున్యములకు మాత్రమే అనునాదము చెందును. ఆ పౌనఃపున్యములు ఒక ఆధార సంఖ్యకు 2, 3, 4, 5, 6 రెట్లుగ నుండును. నాల్గవ అనుస్వరమును షడ్జముగ తీసికొన్నచో ఐదవది గాంధారము, ఆరవది పంచమము, ఎనిమిదవది పైషడ్జము అగును. నడుమ ఏడవది కైశికి నిషాదమునకు కొంచెము దిగువగ పలుకును. పదునొకండవది శుద్ధ మధ్యమమునకును ప్రతి మధ్యమమునకును ఇంచుమించు నట్టనడుమ పడి, ఏ రాగమునకును ఒదుగక చిక్కుపెట్టును. ఎనిమిదవ అనుస్వరమునకు పైననే స్వరములు దగ్గర దగ్గరగ దొరకును. అందుచే ఆనాటి బాకా వాద్యకులు పెదవుల బలముచే మిక్కిలి పైస్థాయిలో వాయింపవలసివచ్చెడిది. నేడు పాఠశాలలందు వాడబడు బ్యూగిల్ ఈ సాదా బాకాకు వారసురాలే. దానిపై అన్ని సంకేతములును నాలుగైదు స్వరములతోనే కూర్పబడుట విద్యార్థులు గమనింపవచ్చును.

గొట్టము నిడివికిని శ్రుతికిని గల సంబంధము సులభమైనది. గాలిలో ధ్వనివేగమును, గొట్టము నిడివికి రెట్టింపుచే భాగించినచో ఆధార పౌనఃపున్యము వచ్చును. సాధారణపు ట్రంపెట్టు నిడివి సుమారు 1.48 మీటర్లు. ధ్వనివేగము సెకనుకు 345 మీటర్లు అనుకొన్నచో, 345ను 2.96చే భాగింపగా సుమారు 116.5 వచ్చును. ఇది పాశ్చాత్యులు బి-ఫ్లాట్ అను స్వరము. ట్రంపెట్టును బి-ఫ్లాట్ వాద్యమనుటకు కారణ మిదియే.

ఇచట తెలివైన విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. ఒక కొన మూసిన గొట్టమునందు 1, 3, 5 వంటి బేసి అనుస్వరములే కదా పుట్టవలసినది? బాకాను పెదవులు ఒకవైపు మూసియుంచగా సరి అనుస్వరములు ఎట్లు వచ్చును? విచ్చుకొనిన ముఖమును, చిన్న గిన్నె వంటి ఊదుడు పీకయు కలిసి ఆ అనుస్వరములను స్థానభ్రంశము చేసి, ఇంచుమించు పూర్ణసంఖ్యల వరుసకు తెచ్చును. ఈ విషయమును లోతుగ పరిశోధించిన అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బెనాడ్ (1925–1987) బాల్యమున లాహోరులో పెరిగినవాడగుట విశేషము. పూర్వపు పనివారలకు ఈ సిద్ధాంతము తెలియదు. చెవితో విని, సుత్తితో సరిచేసి, తరతరముల అనుభవముచే వారు ఆ ఆకృతిని సాధించిరి.

కవాటము పుట్టుక

అన్ని స్వరములను పలికింపవలెనన్న గొట్టము నిడివిని క్షణములో మార్పగలుగవలెను. మొదట గొట్టమునకు రంధ్రములు పెట్టి మీటలతో మూసి చూచిరి. వియన్నా వాసియగు వీడింగర్ అను వాద్యకుని మీటల బాకా కొరకే హేడన్ 1796లో తన ప్రసిద్ధ రచనను కావించెను. కాని రంధ్రములు తెరచినప్పుడు బాకా కంఠము మారిపోయెడిది.

అసలు పరిష్కారము ప్రష్యాలో లభించినది. స్టోల్జెల్, బ్లూమెల్ అను ఇరువురు 1818లో కవాటమునకు కలిసి హక్కుపత్రము పొందిరి. మీట నొక్కగనే గాలి ప్రధాన గొట్టమునుండి ఒక అదనపు గొట్టములోనికి మరలి, దానిని చుట్టి తిరిగి వచ్చును. దానిచే గొట్టము నిడివి పెరిగి స్వరము తగ్గును. 1835లో వియన్నాయందు రీడ్ల్ తిరుగుడు కవాటమును, 1838–39 ప్రాంతమున పారిసునందు పెరినే నేటి ముషలక కవాటమును రూపొందించిరి. మన మేళములందు కనబడు ట్రంపెట్టులకు సాధారణముగ ఉండునది పెరినే కవాటమే.

నడిమి కవాటము అర స్వరమును, మొదటిది పూర్తి స్వరమును, మూడవది ఒకటిన్నర స్వరమును తగ్గించును. దీనికై గొట్టము నిడివి వరుసగ సుమారు 6, 12.2, 18.9 శాతము పెరుగవలెను. మూడింటిని కలిపి నొక్కినచో మూడు పూర్తి స్వరములు తగ్గవలెను. అందుకు కావలసిన పెంపు 41.4 శాతము. కాని మూడింటి మొత్తము 37.1 శాతమే. ట్రంపెట్టులో ఈ లోటు 6 సెంటీమీటర్లకు పైగ నుండును. అందుచే ఆ స్వరము హెచ్చుగ పలుకును. లండనునందలి బూసీ కంపెనీకి చెందిన బ్లేక్లీ 1874లో ఈ లోటును తనంతట పూరించు కవాటములను కనిపెట్టెను. పాత యుఫోనియములో కవాటము వెనుకభాగమున అదనముగ చిన్న గొట్టపు చుట్లు కనబడినచో, అవి అలంకారములు కావు, ఈ లెక్కకు సమాధానములని గ్రహింపవలెను.

ఇచటనే మరియొక భేదమును చెప్పుట మంచిది. కార్నెట్టుకును ట్రంపెట్టుకును గొట్టము నిడివి ఒక్కటే. అయితే ట్రంపెట్టు గొట్టము చాల దూరము సమానమైన వ్యాసముతో సాగి తుదిలో విచ్చుకొనును. కార్నెట్టు గొట్టము క్రమక్రమముగ వెడల్పగును. అందుచే మొదటిదాని ధ్వని వాడిగను, రెండవదాని ధ్వని మెత్తగను ఉండును. శాక్సఫోను ఇత్తడితో చేసినదైనను ఈ జాతికి చెందదు. దానియందు కంపించునది పెదవి కాదు, రెల్లు పీక.

మన దేశమునకు వచ్చిన త్రోవ

ఐరోపా సైనిక దళములతోపాటు వాటి బ్యాండు మేళములును మన దేశమునకు వచ్చినవి. తంజావూరు రాజగు రెండవ శరభోజి (1798–1832) తన ఆస్థానమున పాశ్చాత్య వాద్యబృందమును పోషించెను. ముత్తుస్వామి దీక్షితులు అట్టి బ్యాండు బాణీలను విని నొట్టుస్వరములను రచించిన సంగతి సంగీత విద్యార్థు లెరిగినదే. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బ్యాండు మేళము కోటలనుండి సంస్థానములకును, అచటినుండి సామాన్యుల పెండ్లి పందిళ్లకును వ్యాపించినది. ఉత్తరదేశమున మీరట్ నగరమునందు నాదిర్ అలీ కంపెనీ 1885లో స్థాపింపబడినది. మొదట విదేశీ వాద్యములను తెప్పించి, తరువాత స్వయముగ తయారుచేయసాగిన మీరట్ వర్తకుల మూలమున ఇత్తడి బాకా చవుకయై దేశమంతట పరచుకొనినది.

కనుక నేడు డెల్టా ప్రాంతమున పాత వాద్యము దొరకినచో, అది మీరట్టుది కావచ్చును, సైన్యమునుండి వెలికివచ్చిన ఇంగ్లీషు వాద్యము కావచ్చును. ముఖముపై చెక్కిన పేరును, చిరునామాను చదివినచో కాలనిర్ణయమునకు దారి దొరకును. బూసీ, హాక్స్ అను రెండు లండను కంపెనీలు 1930లో ఒక్కటైనవి. కావున ‘బూసీ అండ్ హాక్స్’ అని రెండు పేర్లును కలిసియున్న వాద్యము అంతకు పూర్వపుది కాజాలదు. బాణపు ములికి వంటి గుర్తు చెక్కియుండినచో అది బ్రిటిషు ప్రభుత్వపు ఆస్తిగ నుండినదని అర్థము. అయితే పేరును మాత్రమే నమ్మరాదు. వర్తకులు ఇతరులు చేసిన వాద్యములపై తమ పేరు చెక్కించుకొనుట అన్ని దేశములందును కలదు.

హెచ్చు శ్రుతి చిక్కు

పాత ఇంగ్లీషు వాద్యమును కొనువారిని ముఖ్యముగ మోసగించునది దాని శ్రుతి. నేడు ఏ అను స్వరమునకు సెకనుకు 440 కంపనములని 1939లో లండను సమావేశమున అంగీకరింపబడినది. దానికి పూర్వము దేశమున కొక తీరు. ఫ్రాన్సు 1859లో 435ను చట్టము చేసినది. ఇంగ్లీషు సైనిక మేళములు సుమారు 452.5 వాడి, 1920ల చివర గాని దానిని విడువలేదు. ఇంగ్లండునందలి ఇత్తడి మేళములు 1960ల వరకును ఆ హెచ్చు శ్రుతినే వాడినవి.

452.5కును 440కిని గల భేదము ఇంచుమించు అర స్వరములో సగము. ఈ రెండును ఒక్కసారి మ్రోగినచో సెకనుకు 12.5 విస్పందనములు పుట్టి చెవికి గరగరగ వినబడును. హెచ్చు శ్రుతి కార్నెట్టు గొట్టము సుమారు 4 సెంటీమీటర్లు పొట్టిగ నుండును. శ్రుతి గొట్టమును 2 సెంటీమీటర్లు వెలికి లాగినచో రెండు పాయలును కలిసి ఆ లోటును పూరించును. కాని దానితోపాటు కవాటముల గొట్టములను కూడ తగినంత లాగవలెను. లేనిచో కవాటము నొక్కని స్వరములు సరిపోయి, నొక్కిన స్వరములు తప్పును. కొన్ని పాత వాద్యములకు హెచ్చు శ్రుతికొకటి, తగ్గు శ్రుతికొకటి చొప్పున రెండు శ్రుతి గొట్టములను కంపెనీవారే ఇచ్చెడివారు. వాటిలో పొడవైనది పోయియుండినచో వాద్యము ఎంత చక్కగ నున్నను హార్మోనియముతో కలియుట కష్టము. కొనుటకు ముందు శ్రుతిపెట్టెతో సరిచూచుకొనుట అందుచేతనే అవసరము.

ఇత్తడి గుణము

ఇత్తడి యనగా రాగి, తుత్తునాగముల మిశ్రలోహము. పసుపుపచ్చని బాకా ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము ఉండును. రాగి 85 లేక 90 పాళ్లు ఉన్నచో రంగు ఎరుపునకు తిరుగును. పాలకొల్లునకు ఉత్తరముగ, పెరవలి మండలమునందలి అజ్జరము గ్రామము ఇత్తడి పనికి పేరొందినది. అచటి కంచరుల చేతిలో ఇత్తడి కరగి గంటలుగను, పాత్రలుగను, దేవాలయ సామగ్రిగను రూపొందును. గంట పోతపని. బాకా రేకుపని. పలుచని రేకును చుట్టి, అంచులను అతికి, ఉక్కు అచ్చుపై సుత్తితో సాగగొట్టి ముఖమును చేయుదురు. గొట్టమును వంచునప్పుడు నలగకుండుటకై అందు సీసమునో, గుగ్గిలము వంటి జిగట పదార్థమునో కరగించి నింపి, వంచిన పిమ్మట కరగించి తీయుదురు.

సాగగొట్టిన ఇత్తడిలో వికృతిబలము నిలిచిపోవును. దానికి తేమయు, అమ్మోనియాయు తోడైనచో లోహము హఠాత్తుగ చీలును. ఈ సత్యము మన దేశపు వర్షాకాలమునుండియే బయటపడినది. బ్రిటిషు సైన్యమువారి ఇత్తడి తూటా గొట్టములు వానకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువయుంచగా బీటలు వారెడివి. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియాయే కారణమని మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనువారు 1921లో వివరించిరి. లోహమును మితముగ వేడిచేసి వికృతిబలమును తొలగించుటయే దీనికి విరుగుడు. డెల్టాయందు గాలిలో తేమకు కొదువ లేదు. కావున బాకాను పసుల కొట్టమున గాని, ఎరువుల బస్తాల ప్రక్కన గాని ఉంచుట ప్రమాదకరము.

రెండవ జాడ్యము తుత్తునాగపు క్షయము. నోటి తడిచే తుత్తునాగము కరగిపోయి, రాగి మాత్రము మిగిలి, గొట్టముపై గులాబిరంగు చుక్కలు కనబడును. ఇది చాలవరకు ఊదుడు పీకకు చేరువనున్న గొట్టమున లోపలినుండి మొదలగును. పైకి చుక్క కనబడునప్పటికి లోపల గొట్టము గుల్లయై యుండును. పచ్చని చిలుము తుడిచిన పోవును. గులాబి చుక్క పోదు. అట్టి గొట్టమును మార్పింపవలసినదే.

కొనువాడు చూడవలసినవి

మొదట వాద్యమును ఊదక, కన్నులతోను, చేతులతోను పరీక్షింపవలెను. ముషలకములను తీసి చూచినచో వాటిపై 1, 2, 3 అను వరుస గుర్తులుండును. కంపెనీ సంఖ్య కూడ చెక్కియుండినచో అది మూడింటిపైనను, కవాటపు ఒరపైనను ఒక్కటిగ నుండవలెను. లేనియెడల రెండు వాద్యముల భాగములను కలిపి ఒకటిగ చేసిరని అనుమానింపవలెను. పిమ్మట కవాటము నొక్కకయే దాని గొట్టమును మెల్లగ వెలికి లాగవలెను. తుదిలో ‘టప్పు’ మని శబ్దము వచ్చినచో కవాటము గాలిని పట్టుచున్నది. నిశ్శబ్దముగ వచ్చినచో ముషలకము అరిగి, గాలి జారుచున్నది. ఒరకును ముషలకమునకును నడుమ ఎడము వెండ్రుకంతయు ఉండరాదు. అరిగినదానికి లోహపు పూత వేసి సరిచేయవచ్చును గాని, అది నిపుణుల పని, ఖర్చుతో కూడినది. గొట్టము రాకుండ బిగిసియున్నచో బలవంతముగ లాగరాదు.

ముఖముపై నోటి ఆవిరి ఊదినచో అతుకు గీత కనబడవచ్చును. ముఖమునందలి సొట్టలకంటె ఊదుడు పీకకు దగ్గరి సన్నని గొట్టమునందలి సొట్ట ఎక్కువ హాని చేయును. అతిగ మెరుగుపెట్టిన వాద్యమున చెక్కడములు మాసిపోయి, రేకు పలుచబడి యుండును. నల్లబడినను చెక్కడము తేటగ నున్న వాద్యమే మేలు. చింతపండుతోను, ఇటుకపొడితోను బిందెలవలె తోముట ఇచటి అలవాటు. చింతపండులోని ఆమ్లము చిలుమును కరగించును, ఇటుకపొడి లోహమును అరగదీయును. వెండిపూత గల బాకాకు ఈ రెండును శత్రువులే. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు, మెత్తని గుడ్డ చాలును.

పాత ఇత్తడి ఏండ్లు గడచినకొలది కమ్మగ పలుకునని వర్తకులు చెప్పుదురు. దీనికి శాస్త్రాధారము లేదు. ధ్వనిని ముఖ్యముగ నిర్ణయించునది లోపలి వాయుస్తంభపు ఆకృతి. లోహము ప్రభావము మిక్కిలి స్వల్పము. పాత వాద్యము బాగుగ పలికినచో అందుకు కారణము వయస్సు కాదు, దానిని చేసినవాని కొలతలు.

ఏది నిలుపవలెను?

ప్రతి పాత బాకాయు నిలుపదగినది కాదు. గొట్టము గుల్లయై, కవాటములు అరిగి, గుర్తులేమియు లేని వాద్యము కొలిమికి పోయినను నష్టము లేదు. అజ్జరములో అది గంటయై మరల మ్రోగును. కాని హెచ్చు శ్రుతి కార్నెట్టు, బ్లేక్లీ కవాటముల యుఫోనియము, సైన్యపు గుర్తు గల బ్యూగిల్ వంటివి కరగిపోయినచో వాటితోపాటు ఒక సాక్ష్యము నశించును. ఏ మేళము ఏ శ్రుతిలో వాయించినది, ఏ దేశపు వాద్యము ఏ ఊరికి చేరినది అను చరిత్ర మన ప్రాంతమున గ్రంథములలో కంటె ఈ గొట్టములమీదనే ఎక్కువగ వ్రాయబడియున్నది.

ఈ పనికి పెద్ద పరికరములు అక్కరలేదు. ఉపాధ్యాయుడు విద్యార్థులచే మేళమువారి పాత వాద్యమును అడిగించి తెప్పించి, గొట్టపు వంపుల వెంబడి దారముపెట్టి నిడివిని కొలిపించి, ఆధార పౌనఃపున్యమును లెక్కకట్టించి, శ్రుతిపెట్టెతో సరిచూపింపవచ్చును. పేరు, సంఖ్య, చిరునామా, గుర్తులు ఒక పుస్తకమున వ్రాయింపవచ్చును. వాద్యపు యజమానికి దాని విలువ తెలిసినచో, దానిని త్రాసున పెట్టుటకు ముందు ఒక్కమారు ఆలోచించును.